వాన తక్కువా, నిలిచేది తక్కువా? అనంతపురంలో హైవే పక్క ఊళ్లు ఎందుకు పలచబడుతున్నాయి

"దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే" అనే మాట మా వైపు పుట్టినవాళ్లంతా వినే ఉంటారు. బడిలో అయ్యవారు చెబుతారు, ఎన్నికల సభలో నాయకుడు చెబుతాడు, కరువు మీద పేపర్లో వచ్చే కథనాలు తరచూ దాంతోనే మొదలవుతాయి. లెక్క తీస్తే మాత్రం ఆ మాట నిలవదు. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మి.మీ. లోపే వాన పడుతుంది. బార్మేర్, బికనేర్‌లలో 300 లోపు. లేహ్‌లో 100 అటూ ఇటూ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు సుమారు 550 మి.మీ. జైసల్మేర్‌కు ఇది దాదాపు మూడు రెట్లు. దక్షిణాదిలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మనది ఒకటి, అది నిజం. దేశంలో రెండో స్థానం మాత్రం మనది కాదు.

ఈ లెక్కను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఊళ్లు ఎందుకు ఖాళీ అవుతున్నాయని ఎవరు అడిగినా ఈ ఒక్క మాటతో నోరు మూయిస్తున్నారు. వాన లేదు, జనం పోతున్నారు, అంతే. మేఘాన్ని నిలదీయలేం కాబట్టి ఇంకెవరూ జవాబు చెప్పుకోనక్కర్లేదు. కానీ వానకూ, ఇంటికి తాళం పడటానికీ మధ్య చాలా జరుగుతుంది. మట్టి, చెరువు, బోరు, శనక్కాయ, చివరికి ఊరి పక్కనుంచే పోయే రోడ్డు, అన్నీ ఉన్నాయి మధ్యలో.

ఆ రోడ్డు మామూలుది కాదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో ఏడో నంబరు. కర్నూలు దాటాక డోన్, ప్యాపిలి, గుత్తి, పామిడి, అనంతపురం, పెనుకొండ మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కర్ణాటకలోకి పోతుంది. దారి పొడవునా ఎర్రనేల, నల్లటి గుండ్లు పేర్చినట్టున్న కొండలు, దూరంగా గాలిమరలు. కొంత దూరానికొక "క్రాస్" బోర్డు. ఆ క్రాస్ నుంచి లోపలికి పోతే ఊరు. చాలా ఊళ్లలో వీధికి సగం ఇళ్లకు తాళాలు. ఉన్నవాళ్లు ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిపెట్టిన బడి పిల్లలు. దేశం మొత్తానికి అతి పొడవైన రహదారి పక్కనే ఉండి కూడా ఊరు ఎందుకు పలచబడుతోంది?

ముందు వాన సంగతి తేల్చుకుందాం.

రాయలసీమకు రెండు రుతుపవనాలూ వస్తాయి, రెండూ సగం చేతులతోనే వస్తాయి. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం నుంచి లేచి పశ్చిమ కనుమలను ఎక్కుతూ చల్లబడి అక్కడే కురిసేస్తాయి. ఆగుంబెలో ఏడాదికి 7000 మి.మీ. పైన పడుతుంది. అక్కడి నుంచి మన జిల్లాలోని రాయదుర్గం మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. కనుమలు దిగిన గాలి దిగుతూ వేడెక్కుతుంది, ఆరిపోతుంది, మనదాకా వచ్చేసరికి గాలి బలం మాత్రం మిగులుతుంది. అటు ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం నుంచి వస్తూ నెల్లూరు, తిరుపతి వైపు బాగా కురిసి, నల్లమల, పాలకొండలు, శేషాచలం దాటేసరికి అలిసిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సుమారు 340 మి.మీ., అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 150 పైచిలుకు, ఇదీ మన వాటా. అన్నిటికంటే ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. విత్తనం వేసేది మాత్రం జూన్ చివర, జూలైలో. అదును ఒక నెలలో, వాన మరో నెలలో.

ఎండా గాలీ కలిసి ఇక్కడి నేల నుంచి, మొక్క నుంచి ఏడాదికి సుమారు 1800 మి.మీ. తడిని లాగేయగలవు. పడేది 550. ఆకాశం ఇచ్చేదానికి మూడు రెట్లకు పైగా తిరిగి అడుగుతుంది. మన దేశపు వేడి ఎడారి పటం గీసేటప్పుడు రాజస్థాన్, గుజరాత్‌తో పాటు అనంతపురాన్ని కూడా శాస్త్రవేత్తలు చేర్చింది ఈ తేడాను చూసే. కేంద్రం 1990ల మధ్యలో జిల్లాను ఎడారి అభివృద్ధి పథకంలోకి తీసుకుంది.

గాలి ఎంత పని చేయగలదో చూడాలంటే జూన్, జూలైలలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వెళ్లాలి. అక్కడ హగరి ఒడ్డున నిజంగానే ఇసుక దిబ్బలు ఉన్నాయి. వేదవతి నదికే మనవైపు పేరు హగరి. ఎగువన కర్ణాటకలో హిరియూరు దగ్గర 1907లో వాణీవిలాస సాగరం కట్టారు. అది 1933లో ఒకసారి నిండి పొర్లింది, మళ్లీ పొర్లింది 2022లో. దాని కింద మన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది, అదీ నిండిన ఏళ్లు అరుదు. ఏటిలో నీళ్లు పారితే ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటుకుని కదలవు. ఏరు ఎండితే పడమటి గాలికి రేణువు లేచి గెంతుతుంది, పడిన చోట ఇంకో నాలుగింటిని లేపుతుంది. గట్టున రెల్లు, తుమ్మ, ఈత చెట్లు ఉంటే నేలకు ఆనుకుని వీచే గాలి విరిగి ఇసుక అక్కడే ఆగుతుంది. చెట్లు కొట్టేస్తే నేరుగా చేలోకి వస్తుంది. దర్గాహొన్నూరు లాంటి ఊళ్లలో రైతులు డబ్బు పెట్టి ట్రాక్టర్లతో దిబ్బను చదును చేయించుకుంటే, మరుసటి గాలికాలానికి మళ్లీ ఇసుక వచ్చి పడుతుంది. ఇక్కడ కూడా వాన ఒక్కటే కారణం కాదన్నది గమనించండి. ఎగువ ఆనకట్ట, ఎండిన ఏరు, పోయిన చెట్లు, మూడూ కలిస్తేనే ఇసుక ఊరి మీదకు వచ్చింది.

ఇప్పుడు ఆ 550 మి.మీ.నే ఇంకో రకంగా లెక్కేద్దాం. ఒక ఎకరం మీద ఏడాదిలో అంత వాన పడితే సుమారు 22 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 440కి పైగా. ఎకరానికి అన్ని ట్యాంకర్ల నీళ్లు దింపి పోతుంది ఆకాశం, అదీ కొద్ది రోజుల్లోనే. మన నేలలో నాలుగింట మూడు వంతుల పైన ఎర్రనేల. చాలాచోట్ల జానెడో మూరెడో లోతున రాయి తగులుతుంది. నల్లరేగడిలా తడిని వారాల తరబడి పట్టుకునే గుణం దానికి లేదు. గట్టి వాన పడితే పైమట్టిని కోసుకుని వంకలో పడి పోతుంది.

ఈ సంగతి మన పూర్వీకులకు బాగా తెలుసు. తెలిసే చెరువులు కట్టారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. కట్టించినవాడు విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో రాశారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెక్కారు. ఆరున్నర శతాబ్దాల కిందట ఒక ఇంజనీరింగ్ పాఠాన్ని రాతి మీద పెట్టిన ప్రాంతం ఇది. అనంతపురం ఊరు పుట్టింది చెరువు పక్కన. పక్కనున్న బుక్కరాయసముద్రం పేరులోనే చెరువుంది. ధర్మవరం, శింగనమల, బుక్కపట్నం, ఎటు చూసినా పెద్ద చెరువు లేని పాత ఊరు కనిపించదు.

చెరువంటే ఆ కట్ట ఒక్కటే అనుకుంటే పొరపాటు. పై పొలాల నుంచి నీటిని తెచ్చే వంకలు, మిగులు నీటిని కింది చెరువుకు పంపే మరవ, తూము తెరిచి ఎవరి చేనికి ఎంతసేపు పారాలో చూసే నీరుగంటి, ఏటేటా పూడిక తీసి చేలకు తోలుకునే అలవాటు, ఇవన్నీ కలిసి చెరువు. ఇందులో ఏది తెగినా మిగతాది పని చేయదు. వంకల్లో కంపచెట్లు పెరిగాయి. కొన్నిచోట్ల వంకను దున్ని చేలో కలిపేసుకున్నారు, ఇంకొన్నిచోట్ల ప్లాట్లు వేశారు. కట్ట అలాగే ఉంది, నీళ్లు వచ్చే దారి పోయింది. మంచి వాన పడిన ఏడు కూడా చెరువు నిండకపోతే జనం వాననే తిడతారు.

చెరువును ఊరు వదిలేయడానికి ఒక బలమైన కారణం బోరు. 1980ల తర్వాత బోరు వచ్చాక నీరు ఊరి ఉమ్మడి వ్యవహారం కాకుండా ఎవరి చేలో వాళ్లదైంది. దీంట్లో రైతును తప్పు పట్టను. నీరుగంటి దయ కోసం చూసే బదులు బటన్ నొక్కితే నీళ్లొస్తాయంటే ఎవరు కాదంటారు? కానీ మన కింద ఉన్నది నల్లరాయి, గ్రానైటు. రాయిలో నీళ్లుండవు, రాయి మీద పుచ్చిపోయిన పొరలో, రాయి పగుళ్లలో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. మొదట్లో రెండు వందల అడుగుల లోపే నీళ్లు పడేవి. ఇప్పుడు వెయ్యి అడుగులు వేసినా దుమ్మే లేస్తున్న చోట్లున్నాయి.

రిగ్గు లారీ ఊరికొచ్చిన రాత్రి చూస్తే ఆ ఇంటివాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. లారీలు చాలావరకు తమిళనాడు తిరుచెంగోడు నుంచి వస్తాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు పడే పాయింటు చూసినాయన చెప్పిన చోట కేసింగు గొట్టం దింపుతారు. అడుగుకింత అని రేటు, కిందికి పోయేకొద్దీ రేటు పెరుగుతుంది. తెల్లదుమ్ము లేస్తూ ఉంటే ఇంటాయన ఆ దుమ్మును పిడికిట్లో పట్టి నలిపి చూస్తాడు, కాస్త చెమ్మ తగులుతుందేమోనని. మూడు వందలు దాటాక డ్రైవరు అడుగుతాడు, "ఇంకా పోనీయాల్నా, ఆపేయాల్నా?" అప్పటికే అప్పు తెచ్చింది అయిపోయి ఉంటుంది. ఆపితే పెట్టిందంతా పోయినట్టే, పోనిస్తే ఇంకో అప్పు. పక్క చేలో బోరు లోతుగా వేస్తే మన బోరులో రెండించుల నీళ్లు అర ఇంచికి వస్తాయి, ఎందుకంటే పగులు ఇద్దరిదీ ఒకటే. బోర్ల మధ్య దూరం, లోతు అదుపు చేయడానికి 2002లోనే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చారు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు. చట్టం కాగితం మీదే బలంగా ఉంది, మోటారు పొలంలో బలంగా ఉంది.

ఇక శనక్కాయ. ఒకప్పుడు ఇవే ఎర్రచేలలో కొర్ర, సజ్జ, ఆరిక, సామ, కంది కలిపి వేసేవాళ్లు. వాన ఒకసారి ముఖం చాటేసినా ఏదో ఒక పంట ఇంటికొచ్చేది. నూనెగింజలకు ధర, మిల్లులు, బ్యాంకు అప్పు, బీమా అన్నీ శనక్కాయ చుట్టూ చేరాక, జిల్లా మొత్తం ఒక్క పంట మీద కూర్చుంది. తప్పు అని తేలిగ్గా అనలేను. డబ్బు కళ్లజూపిన పంట అదే, పిల్లల్ని చదివించిన పంట అదే.

దాని బలహీనత మాత్రం చేలో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. శనక్కాయ పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు రాలాక అక్కడి నుంచి సన్నటి ఊడ దిగి నేలలోకి గుచ్చుకుని దాని కొసన కాయ ఊరాలి. జూలైలో విత్తితే ఊడలు దిగేది ఆగస్టులో. సరిగ్గా అప్పుడే మనకు వాన ఆగుతుంది, గాలి తోలుతుంది. ఎర్రనేల పైన పెచ్చు కడుతుంది. ఊడ కొస ఆ పెచ్చుకు తగిలి లోపలికి పోలేక నల్లబడి ఎండిపోతుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లు "పంట బాగుంది" అనుకుంటారు. పీకి చూస్తే చెట్టుకు రెండు మూడు కాయలు. సెప్టెంబరులో ఎంత వాన పడినా ఎండిన ఊడ తిరిగి లేవదు. ఆ ఏడాది వాన లెక్క మాత్రం సర్కారు కాగితాల్లో "సాధారణం" అని పడుతుంది. అనంతపురం కరువుల్లో ఎన్నో ఇలాంటివే. మొత్తం వాన సరిపోయింది, ఆ ఇరవై రోజులే మోసం చేశాయి.

ఇప్పుడు జనం లెక్కకు వద్దాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు, జనం 40.81 లక్షలు, చదరపు కిలోమీటరుకు 213 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 308. కడప ఇంకా పలచన, 188. మన రాష్ట్రంలో చూస్తే ఇది పలుచనే. కానీ జైసల్మేర్‌లో చదరపు కిలోమీటరుకు 17 మంది. ఎడారితో పోల్చుకుంటూ మనం మరిచిపోయేది ఇదే. జైసల్మేర్ నేల మోసేదానికి పన్నెండు రెట్ల జనాన్ని ఈ నేల మోస్తోంది, వాన మాత్రం మూడు రెట్లే. పైగా జనగణన పదేళ్లకొకసారి జరిగే లెక్క. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. రేషన్ కార్డు, ఓటు, పొలం పాసుపుస్తకం ఊళ్లోనే ఉంటాయి కాబట్టి కాగితం మీద మనిషి ఊళ్లోనే ఉంటాడు. నిజానికి బెంగళూరులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గానో, సెంట్రింగ్ పనిలోనో ఉంటాడు. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం వైపు దీన్ని "సుగ్గికి పోవడం" అంటారు. మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే కదిలిపోతాయి. మా వైపు మాత్రం అందరి చూపూ బెంగళూరే.

ఇక్కడే హైవే వస్తుంది కథలోకి. రోడ్డు పడితే ఊరు బాగుపడుతుందని అందరం నమ్మాం. పాత ఏడో నంబరు రోడ్డు ఊళ్ల మధ్యలోంచి పోయేది. లారీ ఆగేది, టీ తాగేవాళ్లు, పంక్చరు వేయించుకునేవాళ్లు, సంత రోజు బస్సు దిగి సరుకు కొనేవాళ్లు. నాలుగు వరుసలయ్యాక ఊరు బైపాస్ అయింది. లోపలి అంగళ్లకు గిరాకీ పోయింది. దూరపు బస్సు క్రాస్‌లో ఆగదు, పల్లె వెలుగే దిక్కు. రోడ్డుకు అవతల చేను ఉన్న రైతు గొర్రెల మందతో అండర్‌పాస్ దాకా నడిచి చుట్టి రావాలి. మంద సగం దాటాక లారీ వస్తే జరిగే నష్టం ఏ లెక్కలోకీ ఎక్కదు.

రోడ్డు తెచ్చిన మేలు కూడా చెప్పాలి. ఆసుపత్రికి త్వరగా పోగలుగుతున్నాం. చీనీకాయలు (బత్తాయిలు) తోట నుంచి రాత్రికి రాత్రి మార్కెట్టుకు చేరుతున్నాయి. అనంతపురం నుంచి బెంగళూరు 200 కి.మీ. పైచిలుకు, నాలుగు గంటలు. కానీ పనిచేసే వయసు మనిషికి ఊళ్లో కూలి లేనప్పుడు, నాలుగు గంటల దూరంలో రోజూ కూలి దొరుకుతున్నప్పుడు, మంచి రోడ్డు అతన్ని పోవడానికే సాయం చేస్తుంది. ఊళ్లో నీళ్లు లేకుండా రోడ్డు ఒక్కటే బాగుపడితే జరిగేది అదే.

దీనికి ఎదురు ఉదాహరణ అదే రోడ్డు మీద ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి పక్కనుంచి హైవే దశాబ్దాలుగా పోతూనే ఉంది, ఏ ఫ్యాక్టరీ రాలేదు. కియా కార్ల కంపెనీ 2017లో ఒప్పందం చేసుకుని 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. భూమి ఇచ్చారు, రాయితీలిచ్చారు, అవన్నీ ఉన్నాయి. కానీ దగ్గర్లోని గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా కాలువ మీద కృష్ణా నీళ్లు రాకపోతే ఆ ఫ్యాక్టరీ అక్కడ నిలిచేది కాదు. రోడ్డు పక్కకు నీళ్లు వచ్చాక రోడ్డుకు విలువ వచ్చింది.

హంద్రీ-నీవా సంగతి కొంచెం చెప్పుకోవాలి. శ్రీశైలం వెనుక నీటిని కర్నూలు వైపు మాల్యాల దగ్గర ఎత్తి, మెట్టు మెట్టుగా పంపులతో పైకి తోస్తూ అనంతపురంలోకి తెచ్చే పథకం ఇది. 2012లో నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. అనుకున్నది 40 టీఎంసీలు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 3,850 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, ఆపకుండా 120 రోజులు పారితే ఆ లెక్క సరిపోతుంది. 2025లో మొదటి దశ కాలువను ఆ సామర్థ్యానికి వెడల్పు చేశారు. మంచిదే. కానీ పెద్ద కాలువ ఊరి పక్కనుంచి పోవడం, పెద్ద రోడ్డు ఊరి పక్కనుంచి పోవడం రెండూ ఒకటే, లోపలికి దారి లేకపోతే. పిల్ల కాలువలు తవ్వాలి, చెరువుల వంకలు బాగుచేసి కాలువకు కలపాలి. శ్రీశైలానికి వరద తరచుగా వచ్చేది జూలై చివర, ఆగస్టులో. శనక్కాయ ఊడలు దిగేదీ అప్పుడే. ఈ రెండు తేదీలు కలవడం మన అదృష్టం. చెరువు ఆగస్టులో నిండి ఉంటే ఆ ఇరవై రోజుల గండం గట్టెక్కుతుంది.

2016 ఆగస్టులో ప్రభుత్వం జిల్లాకు రెయిన్‌గన్లు పంపింది, ఎండుతున్న చేలను తడపడానికి. ఆలోచన సరైనదే. కానీ రెయిన్‌గన్ నీళ్లు పుట్టించదు, పక్కన కుంటో చెరువో నిండి ఉంటే దాంట్లోవి చల్లుతుంది. ఎకరానికి 20 మి.మీ. తడి ఇవ్వాలంటే 81 వేల లీటర్లు కావాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున్న పంటకుంట నిండితే రెండు లక్షల లీటర్లు, ఎకరానికి రెండు తడులు ఇచ్చి ఇంకా మిగులుతాయి. ఆ కుంట నిండటానికి పదెకరాల మీద నుంచి 5 మి.మీ. నీరు పారి వస్తే చాలు. జూలైలో పడే ఒక్క గట్టి వాన ఆ పని చేసి పోతుంది. ఎర్రనేలలో కుంట ఇంకిపోతుంది కాబట్టి అడుగుకూ గోడలకూ సిమెంటు కలిపిన మట్టితో పూత వేయాలి. ఉపాధి హామీలో తవ్విన వేల కుంటల్లో ఈ పూత లేనివి ఎన్నో, వాన వెలిసిన వారానికే అడుగు కనిపించేవి. తవ్వడానికి డబ్బులిచ్చి పూతకు ఇవ్వకపోతే ఆ తవ్వకం దండగ. ఈ ఏడాది ఉపాధి పనులు గుర్తించేటప్పుడు కొత్త కుంటల సంఖ్య పెంచే బదులు, ఉన్నవాటికి పూత, చెరువు వంకల్లో కంప తీయడం రాయించుకుంటే ఆగస్టుకు అక్కరకొస్తాయి.